కుంకుడుకాయ రంగు వచ్చేదాకా...

బార్బెక్యూ బఫే హోటళ్ళకి మీ పిల్లలు మిమ్మల్ని ఎప్పుడో ఒకసారి లాక్కెళ్ళే ఉంటారు. అక్కడ వేయించిన చిన్న బంగాళాదుంపల మీద చిక్కటి కారం క్రీము పోసి తెచ్చి పెడతారు చూడండి... దాని పేరు 'కేజన్ స్పైస్ పొటాటో'. పిల్లలు లొట్టలేసుకుంటూ మూడు ప్లేట్లు లాగిస్తారు. "కేజన్ అంటే ఏమిట్రా?" అని అడిగితే "ఏదో మసాలాలే అమ్మా" అంటారు.

మసాలా కాదండీ. కేజన్ అంటే మనుషులు! అమెరికాకి దక్షిణాన లూసియానా రాష్ట్రంలో, బురద నేలల్లో వరి పండించుకుంటూ, రొయ్యలూ చేపలూ పట్టుకుంటూ బతికిన జనం. పూర్వం ఫ్రెంచి మాట్లాడేవారు. వాళ్ళిళ్ళలో నేను చూసిన వంటకీ, మన బఫేలో దొరికే ఆ బంగాళాదుంపకీ పేరు తప్ప చుట్టరికం లేదు.

అమెరికా వెళ్ళొచ్చిన ఆడవాళ్ళం నయాగరా గురించి చెప్తాం, డిస్నీ గురించి చెప్తాం, షాపింగ్ మాల్స్ గురించి అడక్కపోయినా చెప్తాం. నేను మాత్రం మీకు ఓ చిన్న హోటల్ గురించీ, దాన్ని పెట్టిన ఇద్దరు స్నేహితురాళ్ళ గురించీ, వాళ్ళు పుట్టి పెరిగిన నేల గురించీ చెప్తాను. వినండి.

2024 జనవరిలో మనవడి మొదటి పుట్టినరోజుకని హ్యూస్టన్ వెళ్ళి, మే నెలాఖరుదాకా ఉన్నాను. మా అమ్మాయి వాళ్ళుండేది ఊరికి పడమటి వైపు, కేటీ దగ్గర. ఆ వీధిలో మన తెలుగువాళ్ళ ఇళ్ళు నాలుగు. ఎదురింట్లో ఒకావిడ, ఆ పక్కింట్లో ఇంకొకావిడ. ఇద్దరిదీ లూసియానాయే. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇలాంటివాళ్ళు చాలామంది. నూనె శుద్ధి కర్మాగారాల్లో పనులు దొరుకుతాయని రాష్ట్రం దాటి వచ్చి స్థిరపడినవాళ్ళు. వీళ్ళిద్దరికీ యాభై దాటాయి. ఒకావిడ ఇరవై ఏళ్ళకి పైగా స్కూలు క్యాంటీన్లో వంట చేసింది. రెండో ఆవిడ ఒక చమురు కంపెనీలో లెక్కలు చూసేది. మనుషుల్ని తగ్గించినప్పుడు ఈవిడనీ ఇంటికి పంపించేశారు. పేర్లెందుకు గానీ, మనం వాళ్ళని వంటావిడ, లెక్కలావిడ అనుకుందాం. నేను మా అమ్మాయితో అలాగే చెప్పేదాన్ని. అది నవ్వేది గానీ, నెల తిరక్కుండానే తనూ అలాగే అనడం మొదలెట్టింది.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఓ కేజన్ హోటల్ పెట్టే హడావిడిలో ఉన్నారు. పెద్దదేం కాదు. బట్టలుతికే లాండ్రీకీ, గోళ్ళకి రంగులేసే షాపుకీ మధ్య ఒక గది, వెనక వంటిల్లు, పన్నెండు బల్లలు, ఓ పక్కన బారు. మూడేళ్ళకి అద్దె రాసుకున్నారు. లెక్కలావిడ ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన డబ్బంతా పెట్టింది. వంటావిడ ఇంటి మీద అప్పు తెచ్చింది. వాళ్ళాయన నెలరోజులు ముభావంగా ఉన్నాడట. ఏ దేశమైనా మొగుళ్ళు మొగుళ్ళేనండీ!

బారనగానే మొహం చిట్లించకండి. నేనూ ముందు చిట్లించాను. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్ల మీద తిరగబడ్డ రోజులు గుర్తున్నదాన్ని నేను. అందుకే మా అమ్మాయిని పట్టుకుని "హోటల్ సరే, బారెందుకే వీళ్ళకి?" అని అడిగాను. లెక్కలావిడ కాగితం తీసి లెక్కేసి చూపించింది. వంద డాలర్ల భోజనం అమ్మితే దాదాపు ముప్పై సరుకులకే పోతాయట. ఇంకో ముప్పై జీతాలకి. ఆ తర్వాత అద్దె, కరెంటు, భీమా. మిగిలేది చేతికి అంటుకునేంత. గ్లాసులో పోసి ఇచ్చేదాంట్లో మాత్రం లాభం ఎక్కువ, వండే పని లేదు, మిగిలినా పాడవదు. అంటే గంబో గిన్నె నిలబడాలంటే సీసా కూడా పక్కన నిలబడాలన్నమాట! దానికి లైసెన్సు కూడా అంత తేలిక కాదు. 'ఇక్కడ మద్యం అమ్మబోతున్నాం' అని షాపు ముందు అరవై రోజులపాటు బోర్డు కట్టాలి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి. ఆ పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. మన వీధుల్లో ఎవరడుగుతారు చెప్పండి!

ఫిబ్రవరి ఆఖర్లో ఇద్దరూ సరుకుల కోసం లూసియానా వెళ్తుంటే, "అత్తయ్యా, మీరూ వెళ్ళి చూసి రండి, నేను బాబుని చూసుకుంటాను" అన్నాడు మా అల్లుడు. అమ్మాయీ నేనూ వాళ్ళ కారెక్కాం. హ్యూస్టన్ నుంచి లాఫయెట్ దాదాపు మూడువందల యాభై కిలోమీటర్లు. ఒకటే రోడ్డు, తిన్నగా తూర్పుకి. బోమాంట్ దాటాక సబీన్ నది వస్తుంది. అవతలి ఒడ్డున లూసియానా.

లేక్ చార్లెస్ దాటి క్రౌలీ దగ్గరికొచ్చేసరికి నేను కిటికీకి అతుక్కుపోయాను. మాది పశ్చిమ గోదావరి. రెండు వైపులా నీళ్ళు నిలిపిన వరి మళ్ళు కనిపిస్తుంటే భీమవరం పొలిమేరలో ఉన్నట్టే ఉంది! క్రౌలీని 'ప్రపంచ వరి రాజధాని' అని వాళ్ళే పిలుచుకుంటారు. 1937 నుంచీ వరి పండగ చేస్తున్నారు. మళ్ళల్లో వరసగా తీగ బుట్టలు గుచ్చి ఉన్నాయి. అవేమిటంటే క్రాఫిష్ పట్టే బోనులట. క్రాఫిష్ అంటే మంచినీళ్ళలో పెరిగే, రొయ్యకీ పీతకీ మధ్యరకం ప్రాణి. రెండు పెద్ద డెక్కలు, గట్టి పెంకు. వేసవి మొదట్లో వరిచేలో వదులుతారు. ఆగస్టులో నీళ్ళు తీసేసి వరి కోసుకుంటుంటే అది బురదలో బొరియ చేసుకుని దూరిపోతుంది. అక్టోబరులో మళ్ళీ నీళ్ళు పెడితే పిల్లలతో సహా పైకొచ్చి, మిగిలిన వరి దుబ్బుల మధ్య మేస్తుంది. చలికాలం నుంచి మే దాకా పట్టుకుంటారు. ఒకే మడిలో అన్నమూ కూరా! మన వైపు చేపల చెరువులు వచ్చి వరిని మింగేశాయని బాధపడేవాళ్ళు ఈ పద్ధతి ఓసారి చూడాల్సిందే.

కానీ ఆ ఏడాది బోనులు ఖాళీగా ఉన్నాయి. 2023 వేసవిలో లూసియానాలో ఎన్నడూ లేని ఎండలు కాశాయి, వానలు మొహం చాటేశాయి. నేల నెర్రెలిచ్చి, బొరియల్లో దాక్కున్న క్రాఫిష్ అక్కడే ఎండి చచ్చిపోయింది. 2024 మొదట్లో ధర మామూలు కంటే రెండు మూడింతలకి పోయింది. మార్చిలో ఆ రాష్ట్ర గవర్నరు విపత్తు ప్రకటన కూడా చేశారు. మా స్నేహితురాళ్ళిద్దరూ కారులో గుసగుసలాడుకుంటుంటే నాకు సంగతి అర్థమైంది. హోటల్ బోర్డు మీద అప్పటికే ఎర్రటి క్రాఫిష్ బొమ్మ వేయించేశారు! ప్రతి శుక్రవారం క్రాఫిష్ ఉడకబెట్టి పళ్ళాల్లో గుమ్మరిస్తామని కరపత్రాలు కూడా పంచేశారు. ఇప్పుడు కొనాలంటే చేతి డబ్బులు పడతాయి, మానేద్దామంటే మాట పోతుంది.

దారిలో సెయింట్ మార్టిన్‌విల్‌లో ఆగాం. బయూ అంటారు, కదలీ కదలనట్టుండే వాగు. దాని ఒడ్డున పెద్ద ఓక్ చెట్టు, కొమ్మలకి బూడిద రంగు నాచు జడల్లా వేలాడుతూ. దాని పేరు ఎవాంజెలిన్ ఓక్. 1847లో లాంగ్‌ఫెలో అనే కవి రాసిన కావ్యంలో ఎవాంజెలిన్ అనే అమ్మాయి, విడిపోయిన పెళ్ళికొడుకుని వెతుక్కుంటూ జీవితమంతా తిరుగుతుంది. కథలో అమ్మాయి కల్పితం. విడదీయడం మాత్రం నిజంగా జరిగింది. వీళ్ళ పూర్వీకులు కెనడాలో, ఇప్పటి నోవా స్కోషియాలో, అకాడియా అనే చోట వ్యవసాయం చేసుకునే ఫ్రెంచివాళ్ళు. బ్రిటిష్ రాజుకి వాళ్ళు అడిగిన పద్ధతిలో విధేయత ప్రమాణం చేయమన్నారని 1755లో తెల్లదొరలు వాళ్ళని ఓడల్లోకి ఎక్కించి తరిమేశారు. మళ్ళీ తిరిగి రాకుండా ఇళ్ళు తగలబెట్టారు. కొన్నేళ్ళలో పదివేల మందికి పైగా చెల్లాచెదురయ్యారు. ఒక ఓడలో తల్లి, ఇంకో ఓడలో పిల్ల. 1764 నుంచీ కొందరు లూసియానా చేరడం మొదలెట్టారు. 1785లో ఏడు ఓడల్లో దాదాపు పదహారు వందల మంది ఫ్రాన్సు నుంచి వచ్చారు. 'అకాడియన్' అన్న మాటే నోట్లో నలిగి నలిగి 'కేజన్' అయింది. రెండువందల నలభై ఎనిమిదేళ్ళ తర్వాత, 2003లో, ఆ తప్పుని గుర్తిస్తూ బ్రిటిష్ రాణి పేరు మీద ఓ ప్రకటన వెలువడింది.

సాయంత్రానికి బ్రో బ్రిడ్జ్ దగ్గర వంటావిడ పుట్టింటికి చేరాం. ఆ ఊరికి 'ప్రపంచ క్రాఫిష్ రాజధాని' అని 1959లో లూసియానా శాసనసభే బిరుదు ఇచ్చింది. ఇంట్లో వాళ్ళమ్మగారొక్కరే ఉంటారు. ఎనభై దాటాయి. చెక్క ఇల్లు, వరండాలో ఉయ్యాల బల్ల. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని "షా!" అన్నారు. అంటే 'నా తల్లీ, బంగారూ' అన్నట్టు. ఫ్రెంచి మాటే, ఇక్కడి యాసలో అలా అయిందట.

మేం పంది మాంసం, గొడ్డు మాంసం తినమని ముందే చెప్పి ఉంచాం. అక్కడ అదెంత కష్టమో తెలుసా? పప్పులోనూ మాంసమే, ఆకుకూరలోనూ మాంసమే! అన్నమూ పంది మాంసమూ కలిపి పేగులో కూరి ఆవిరి మీద ఉడికించే 'బూడాన్' అనేదాన్ని అక్కడ పెట్రోలు బంకులో కూడా వేడివేడిగా అమ్ముతారు, మన దగ్గర మిర్చి బజ్జీ అమ్మినట్టు. కానీ ముసలావిడ తడుముకోలేదు. "బెండకాయ గంబో చేస్తాను, రొయ్యలేసి" అన్నారు.

గంబో అంటే ఏమిటనుకున్నారు? పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయని 'కి న్గోంబో' అంటారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళతో ఆ కాయా, ఆ పేరూ కలిసి వచ్చాయి. చిక్కదనం కోసం ఇంకోరకం గంబోలో 'ఫిలే' అనే ఆకుపొడి వేస్తారు. అది చోక్టా అనే అక్కడి ఆదివాసులు నేర్పినది. పిండి వేయించే పద్ధతి ఫ్రెంచివాళ్ళది. సాసేజీలు చేయడంలో జర్మన్ల చెయ్యి ఉంది. ఇంతమంది కలిసి ఒక గిన్నెలో ఉడికితే అది గంబో. తినేది మాత్రం మనలాగే, అన్నం మీద పోసుకుని!

ఇప్పుడు అసలు విషయం, పిండి వేయించడం. దాన్ని 'రూ' అంటారు. మనం రూపాయలకి రాసే 'రూ' లాగే పలకాలి. లూసియానాలో ఏ వంట అడిగినా "ముందు రూ చెయ్యి" అనే మొదలెడతారు. ముసలావిడ నల్లటి ఇనుప మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె పోసి, అంతే కొలత మైదా వేసి, చెక్క గరిటెతో కలపడం మొదలెట్టారు. సన్నటి సెగ. పది నిమిషాలకి పాలమీగడ రంగు. ఇరవైకి వేరుశనగ తొక్క రంగు. సున్నుండలకి మినప్పప్పు వేయిస్తున్నప్పుడు వచ్చే కమ్మటి వాసన ఇల్లంతా కమ్మేసింది. "ఇక దింపెయ్యచ్చుగా" అన్నాను నేను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ముప్పై నిమిషాలు, నలభై... ఫోను మోగింది, తియ్యలేదు. ఎవరో తలుపు కొట్టారు, కూతురు వెళ్ళింది. గరిటె ఆగితే అడుగంటుతుంది; ఒక్క నల్ల చుక్క కనపడిందా, మొత్తం పారబోసి మళ్ళీ మొదలెట్టాల్సిందే. చివరికి బాగా ఎండిన కుంకుడుకాయ రంగు వచ్చాక, తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికమ్, సెలరీ కాడలు మూడూ ఒకేసారి గుమ్మరించారు. సుయ్‌మని శబ్దం, పొగ, ఆపైన ఘుమఘుమ! ఈ మూడింటినీ కలిపి వాళ్ళు 'పవిత్ర త్రయం' అంటారు. మనకి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరప ఎలాగో అలాగన్నమాట.

భోజనాల దగ్గర ఆవిడ చెప్పిన మాటలు మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. ఆవిడ బళ్ళో చేరేనాటికి ఇంట్లో అంతా ఫ్రెంచే. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం బడిలో ఇంగ్లీషే మాట్లాడాలి. నోరు జారి ఫ్రెంచి మాట వస్తే పలక నిండా 'ఇంకెప్పుడూ మాట్లాడను' అని రాయించేవారు, మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళు వేయించేవారు. క్యారేజీలో క్రాఫిష్ తెచ్చుకుంటే బీదవాళ్ళ తిండని పిల్లలు వెక్కిరించేవాళ్ళట. అందుకని మూత కాస్త ఎత్తి, సందులోంచే తినేసేదాన్నని చేత్తో చేసి చూపించారు. అలాంటి అవమానం తన పిల్లలకి వద్దని ఆవిడ వాళ్ళకి ఫ్రెంచి నేర్పలేదు. 1968లో రాష్ట్ర ప్రభుత్వమే ఫ్రెంచిని మళ్ళీ బతికించడానికి ఓ సంస్థ పెట్టింది గానీ, అప్పటికే ఈవిడ ఇంగ్లీషుకి అలవాటు పడిపోయారు. వంటావిడకి ఇప్పుడు వచ్చిన ఫ్రెంచంతా వంటింటి మాటలే.

మరి ఇంతగా దాచుకున్న తిండి ప్రపంచమంతా ఎలా పాకింది? దానికీ ఓ హోటలే కారణం. పాల్ ప్రూడోమ్ అని, ఓపెలూసాస్ దగ్గర పుట్టినాయన. పదముగ్గురు పిల్లల్లో ఆఖరివాడు, అమ్మ పక్కన నిలబడి వంట నేర్చుకున్నాడు. పదిహేడేళ్ళప్పుడు, 1957లో పెట్టిన మొదటి హోటల్ ఏడాది తిరక్కుండానే మూతపడింది. 1979లో న్యూ ఆర్లీన్స్‌లో కే హిన్రిక్స్ అనే ఆవిడతో కలిసి 'కే-పాల్స్ లూసియానా కిచెన్' తెరిచారు. పేరులో మొదటి అక్షరం ఆవిడదే. ఆయన వంటింట్లో, ఆవిడ ముందు హాల్లో. వాళ్ళిద్దరూ పెళ్ళి కూడా చేసుకున్నారు. చిన్న చోటు, ముందుగా బల్ల పట్టిపెట్టే పద్ధతి లేదు, తెలియనివాళ్ళని కూడా ఒకే బల్ల దగ్గర కూచోబెట్టేవారు. బయట వీధి చివరిదాకా వరస! చేప ముక్కని వెన్నలో ముంచి, మసాలా అద్ది, ఎర్రగా కాలిన ఇనుప పెనం మీద నల్లగా కాల్చే ఆయన వంటకం ఎంత ప్రచారమైందంటే, దేశమంతా హోటళ్ళు రెడ్‌ఫిష్ కోసం ఎగబడి, 1980లలో గల్ఫ్ సముద్రంలో ఆ చేప పట్టడం మీద ప్రభుత్వం నిషేధం పెట్టాల్సొచ్చింది. కే 1993లో పోయారు, ఆయన 2015లో. హోటల్ 2020లో మూతపడింది. మసాలా పొడుల డబ్బాలు మాత్రం ఇంకా షాపుల్లో ఉన్నాయి. ఆ వెల్లువలో 'కేజన్' అన్న మాట దేనికి పడితే దానికి, కాస్త కారం చల్లితే చాలు, తగిలించేశారు. మన బంగాళాదుంపదాకా వచ్చింది అలాగే!

తిరుగు ప్రయాణంలో కారులో పెద్ద యుద్ధం. లెక్కలావిడ వాదన ఏమిటంటే, రూ సీసాల్లో రెడీమేడ్‌గా దొరుకుతుంది, లూసియానాలోనే బోలెడుమంది వాడతారు. రోజుకి ముప్పావుగంట ఒక మనిషి మూకుడు దగ్గర నిలబడితే, గంటకి పదిహేను డాలర్ల చొప్పున, వారానికి ఆరు రోజులు... ఏడాదికి మూడున్నర వేల డాలర్లు పొగలో కలిసిపోతాయి! వంటావిడ చాలాసేపు ఏమీ అనలేదు. సబీన్ నది వంతెన దాటుతుంటే అంది: "మా అమ్మ డెబ్భై ఏళ్ళుగా నిలబడుతోంది. ఆ లెక్క ఎవరైనా కట్టారా?"

కారులో ఎవరం మాట్లాడలేదు. నాకైతే ఏమీ తోచలేదు. నా పెళ్ళయినప్పటినుంచీ నేను చేసిన ఆవకాయలూ, పోసిన దోసెలూ కళ్ళముందు తిరిగాయి. కానీ ఒకటి చెప్పాలి. లెక్కలావిడ రాయిలాంటిది కాదు. ఇల్లు తాకట్టులో ఉన్నది తన స్నేహితురాలిదని ఆవిడకి తెలుసు, ఆవిడ భయమంతా అదే. ఊరు చేరేసరికి దారి దొరికింది. రూ ఫ్రిజ్‌లో బాగా నిలవ ఉంటుంది. హోటల్‌కి సెలవైన సోమవారం నాడు పెద్ద మూకుళ్ళలో వారానికి సరిపడా ఒకేసారి చేసుకోవచ్చు. ఇద్దరూ వంతులేసుకుని కలపాలి, లెక్కలావిడతో సహా!

క్రాఫిష్ సంగతి కూడా ఆ వారంలోనే తేల్చుకున్నారు. హ్యూస్టన్‌లో బెలేర్ వైపు వియత్నాంవాళ్ళ హోటళ్ళు ఉన్నాయి. క్రాఫిష్‌ని వెల్లుల్లి వెన్నలో ముంచి తమ పద్ధతిలో చేసి పేరు తెచ్చుకున్నాయి. ఏళ్ళ తరబడి నడుస్తున్నవి. వాళ్ళతో, అదీ అంత ధరలో, పోటీ పడటం కుదరని పని. అప్పుడు ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు నడుస్తున్నాయి. శుక్రవారం కాథలిక్కులు మాంసం ముట్టరు, మన కార్తీకమాసంలాగే. అందుకని శుక్రవారం క్రాఫిష్ బదులు రొయ్యలు వేసిన బెండకాయ గంబో పెడదామనుకున్నారు. కరపత్రాల మీద కొట్టేసి చేత్తో రాశారు. బోర్డు మీద బొమ్మ మాత్రం అలాగే ఉంచేశారు.

మార్చి మధ్యలో ఒక శుక్రవారం సాయంత్రం తెరిచారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకెళ్ళి గుమ్మం దగ్గర కొట్టనా అని అడిగితే ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. లాండ్రీలో బట్టల కోసం కూచున్నవాళ్ళంతా లేచొచ్చి చూశారు! బారు ఎలా ఉంటుందో అని బెదురుతూ వెళ్ళానా... తాతలు, మామ్మలు, కోడళ్ళు, ఎత్తుకున్న పిల్లలు. ఓ మూల అకార్డియన్, ఫిడేలు, ఇనుప త్రికోణం పట్టుకుని ముగ్గురు వాయిస్తున్నారు. మనవల వయసువాళ్ళతో మామ్మలు నాట్యం. లూసియానాలో పూర్వం ఇలాంటి నాట్యాలకి 'ఫే దో దో' అని పేరు. అంటే 'జోజో, పడుకో' అని. పిల్లల్ని వెనక గదిలో నిద్రపుచ్చి, తల్లులు వచ్చి ఆడేవాళ్ళట. చూశారా, ఆడవాళ్ళ సరదా ఎక్కడైనా పిల్లలు నిద్రపోయాకే మొదలయ్యేది! తాగినవాళ్ళు లేరనను. కానీ భార్యాపిల్లలు పక్కనే కూచుని ఉంటే తాగడం ఇంకోలా ఉంటుందని మాత్రం గమనించాను.

గంబో ఎనిమిదింటికల్లా అయిపోయింది. లెక్కలావిడ 'అయిపోయింది' అని పలక మీద రాసి గుమ్మంలో పెట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ వేయించిన చేప తిన్నారు. రెండో వారం, మూడో వారం కూడా అంతే. వంటావిడ ఇంకో గిన్నె చేద్దామంటుంది. లెక్కలావిడ వద్దంటుంది, మిగిలితే పారబోయాలని. ఏప్రిల్లో రెండు వారాలు వానలు పట్టి బల్లలు సగం ఖాళీగా కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో మా అమ్మాయి వాళ్ళ తెలుగు స్నేహితుల్ని తీసుకెళ్ళేది. మనవాళ్ళు బల్ల మీది ఎర్ర కారం సీసా సగం ఖాళీ చేసేవారు.

మీరు ఇంట్లో చేసుకోవాలనుకుంటే కొలతలు ఇవిగో, నేను వచ్చాక నాలుగుసార్లు చేశాను. అరకప్పు నూనె, అరకప్పు మైదా, అడుగు మందంగా ఉన్న మూకుడు. పైన చెప్పినట్టు సన్నసెగ మీద ముప్పై అయిదు, నలభై నిమిషాలు కలపండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, చుక్క పడితే బెల్లం పాకంలా అంటుకుని కాలుతుంది. రెండు ఉల్లిపాయలు, ఒక క్యాప్సికమ్, రెండు సెలరీ కాడలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేసి మగ్గించండి. సెలరీ దొరక్కపోతే మానెయ్యండి, కొంప మునగదు. రొయ్యల తలలూ పెంకులూ ఉడికించి వడకట్టిన నీళ్ళు ఆరు కప్పులు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. బిర్యానీ ఆకు, మిరియాల పొడి, కారం, ఉప్పు. పావుకిలో బెండకాయలు విడిగా జిగురు పోయేదాకా వేయించి కలిపి, ముప్పావుగంట ఉడకనివ్వండి. పావుకిలో రొయ్యలు చివరి అయిదు నిమిషాల్లోనే, లేకపోతే రబ్బరైపోతాయి. శాకాహారులు రొయ్యల బదులు పుట్టగొడుగులు వేసి, కూరగాయలు ఉడికించిన నీళ్ళు పోసుకోవచ్చు. చింతపండు వెయ్యాలని చెయ్యి లాగుతుంది, వెయ్యకండి! మావారు మొదటిసారి తిని "పులుసులో పులుపేదీ?" అన్నారు. రెండోసారి మారడిగారు.

ఎప్పుడైనా హ్యూస్టన్ వెళ్తే, లూసియానాకి మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్ళండి. ఎండ ముదరదు, మళ్ళల్లో నీళ్ళుంటాయి. శనివారం కలిసొచ్చేలా చూసుకోండి. మామూ అనే పల్లెలో 1946 నాటి 'ఫ్రెడ్స్ లౌంజ్' అనే చోట శనివారం పొద్దున్నే పాట, నాట్యం ఉంటాయి. మాంసం తిననివాళ్ళు అడిగి తెలుసుకోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకండి, ఆకుకూరైనా సరే.

2025 వసంతంలో వంటావిడ ఫోను చేసింది. ఆ ఏడాది క్రాఫిష్ మళ్ళీ బాగా దిగింది, ధర దిగొచ్చింది, శుక్రవారాలు పళ్ళాల్లో గుమ్మరిస్తున్నారట. బోర్డు మీది బొమ్మకి ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది! ఇంటి మీది అప్పు ఇంకా తీరలేదు. అద్దె గడువు 2027లో అయిపోతుంది, అప్పుడు ఇంటివాడు ఎంత పెంచుతాడో అని లెక్కలావిడ ఇప్పటినుంచే కాగితం ముందేసుకుని కూచుంటోందట. "సోమవారాలు రూ ఎవరు కలుపుతున్నారు?" అని అడిగాను. "మొదటి ఇరవై నిమిషాలు తనే కలుపుతోంది. రంగు తిరిగేటప్పుడు మాత్రం భయపడి నన్ను పిలుస్తుంది" అంది.